రామోస్ అంటే రెడ్ కార్డులేనా?

స్పెయిన్ ఫుట్‌బాల్ డిఫెండర్ సెర్హియో రామోస్ మీద మీరు వేసిన వ్యాసంలో ఆయన కెరీర్ మొత్తాన్ని రెడ్ కార్డుల లెక్కతో తేల్చేశారు. తన క్లబ్ రియల్ మాడ్రిడ్‌కి ఆడిన 671 మ్యాచ్‌ల్లో 26 సార్లు బయటికి పంపించారు, నిజమే. కానీ స్పెయిన్ జట్టుకి 180 మ్యాచ్‌లు ఆడి ఒక్క రెడ్ కార్డు కూడా తినలేదన్న సంగతి ఎందుకు వదిలేశారు? మనిషి అదే, కోపం అదే. క్లబ్‌లో ఫుల్‌బ్యాక్‌లు (రెండు అంచుల్లో ఆడే డిఫెండర్లు) ముందుకి పరుగెడితే వెనక మిగిలిన ఖాళీ అంతా ఈయనే కాయాలి. ఆలస్యంగా కాలు పెడితే కార్డే మరి.

2014లో లిస్బన్‌లో జరిగిన చాంపియన్స్ లీగ్ (యూరప్ క్లబ్‌ల టోర్నీ) ఫైనల్ గురించి ఒకే వాక్యం రాశారు, అదీ అన్యాయమే. ప్రత్యర్థి అట్లెటికో మాడ్రిడ్ కప్పు ఎత్తేసినట్టే అనుకున్న 93వ నిమిషంలో, సహచరుడు మోడ్రిచ్ కొట్టిన కార్నర్‌కి తలతో కొట్టి స్కోరు సమం చేశాడు. డిఫెండర్‌గా ఉంటూ రియల్‌కి 101 గోల్స్!

అలాగని వెనకేసుకురావడం లేదు. 2018 చాంపియన్స్ లీగ్ ఫైనల్లో ఈయనతో పెనుగులాటలో లివర్‌పూల్ ఆటగాడు సలా భుజానికి దెబ్బ తగిలిన విషయం నాకింకా మింగుడుపడదు. 2019లో అదే టోర్నీలో డచ్ క్లబ్ అయాక్స్‌తో తొలి మ్యాచ్‌లో, రెండో మ్యాచ్‌కి దూరమై కార్డుల లెక్క తీర్చేసుకుందామని ఎల్లో కార్డు కావాలనే తీసుకున్నాడని యూరప్ ఫుట్‌బాల్ సంఘం యూఈఎఫ్ఏ రెండు మ్యాచ్‌లు నిషేధించింది. తొలి మ్యాచ్ గెలిచాం కదా అన్న ధీమా. తీరా రెండో మ్యాచ్‌లో సొంత మైదానంలో జట్టు 1-4తో చిత్తవుతుంటే పైన ప్రేక్షకుల్లో కూర్చుని చూశాడు. ఆయన్ని తిట్టాలంటే దానికి తిట్టండి, నేనూ గొంతు కలుపుతాను.