గాలి ఒక్కటే ఉచితం
తెరచాప పడవకు గాలి ఉచితం కాబట్టి అందులో ఉంటే ఖర్చే ఉండదని మీ వ్యాసంలో రాశారు, నేను ఒప్పుకోను. మాది హనుమకొండ. మలేషియాలోని లంకావి దీవి దగ్గర మా అక్కా బావా 30 అడుగుల పడవలోనే కాపురం ఉంటారు, పోయిన జనవరిలో పది రోజులు వాళ్లతో ఉన్నా. ట్యాంకులో మంచినీళ్లు 200 లీటర్లు, అంతే. అక్క గిన్నెలు సముద్రపు నీళ్లతో తోమి చివర్న ఒక్క చెంబు మంచినీళ్లు పోసేది, ఎండాకాలం ట్యాంకర్ కోసం బిందెలు పెట్టుకుని కూర్చున్న మా గల్లీ గుర్తొచ్చింది. అసలు డబ్బులు పోయేది పడవ అడుగుభాగానికి. ఆ వెచ్చటి నీళ్లలో నాచు, గుల్లలు ఎంత తొందరగా పడతాయంటే, బావ రెండు వారాలకోసారి నీళ్లలోకి దిగి గీకుతాడు, అయినా ఏడాదికోసారి ఒడ్డుకెక్కించి, అవి పట్టకుండా రాగి కలిపిన రంగు వేయించాల్సిందే. ఆ ఖర్చు కూడా రాయాల్సింది.