ఈ రోజు పుస్తకం.. రేపు దాని మీద మాట?

ఒకటి కాదు, రెండు కాదు, పాతిక పుస్తకాలు. 370 అధికరణం రద్దుకు సరిగ్గా ఆరేళ్లు నిండిన రోజు చూసి, 2025 ఆగస్టు 5న జమ్మూకశ్మీర్ హోం శాఖ వాటిని ఒక్క ఉత్తర్వుతో జప్తు చేసింది. ఆ వెంటనే శ్రీనగర్ పుస్తకాల షాపుల్లో పోలీసు సోదాలు మొదలయ్యాయి. అదే ఊళ్లో, అదే వారం నేషనల్ బుక్ ట్రస్ట్ చినార్ పుస్తకోత్సవం జరిపింది! అక్కడ పుస్తకాలు కొనమని పిలుపు, ఇక్కడ అమ్మితే కేసు.

2024లో కన్నుమూసిన న్యాయ కోవిదుడు ఏజీ నూరానీ, అరుంధతీ రాయ్, సుమంత్ర బోస్, విక్టోరియా స్కోఫీల్డ్, పాత్రికేయురాలు అనురాధా భసీన్.. జాబితాలో ఉన్నది ఇలాంటివారు. కొన్ని పుస్తకాలు పేరున్న విశ్వవిద్యాలయాల ప్రచురణలు, ఏళ్ల తరబడి లైబ్రరీల్లో ఉన్నవి. జమాతే ఇస్లామీ స్థాపకుడు మౌదూదీ రచన కూడా అందులో ఉంది కదా, పహల్గాంలో ఉగ్రవాదులు 26 మందిని బలిగొని అప్పటికి నాలుగు నెలలు కాలేదు కదా, ప్రభుత్వం జాగ్రత్తపడితే తప్పేమిటని కొందరు అంటున్నారు. జాగ్రత్త వేరు, గంపగుత్త నిషేధం వేరు. యువత వేర్పాటువాదం వైపు మళ్లడానికి ఈ సాహిత్యమే కారణమని దర్యాప్తుల్లో తేలిందట. ఏ పుస్తకంలో ఏ పేజీ, ఏ వాక్యం? ఉత్తర్వులో ఆ ఊసే లేదు. నిషేధానికి కారణాలు చెప్పి తీరాలని సుప్రీంకోర్టు 1961లోనే హర్నాందాస్ కేసులో తేల్చింది. నూరానీ చట్ట విశ్లేషణకూ మౌదూదీ మత బోధకూ ఒకే పేరా కారణమెలా అవుతుంది?

మా భయం ఈ పాతిక పుస్తకాలతో ఆగేది కాదు. ఈ రచయితల్లో చాలామంది తమ పుస్తకాల గురించి పాడ్‌కాస్టుల్లో, యూట్యూబ్ ఇంటర్వ్యూల్లో గంటల కొద్దీ మాట్లాడారు. పుస్తకంలో ఉన్న వాదనే అక్కడా ఉంది. షాపులో దొరికితే నేరమైన విషయం చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని వింటే ఏమవుతుంది? ఏమీ కాదంటే ఈ నిషేధం ఉత్త తంతు. అవుతుందంటే రేపు ఆ ఇంటర్వ్యూ వంతు, ఎల్లుండి ప్రశ్నలు అడిగినవాడి వంతు. ఇది అతిగా ఊహించుకోవడం కాదు. మోదీపై బీబీసీ డాక్యుమెంటరీ లింకులను 2023లో ఎలా తీయించారో, 2025 మే నెలలో ‘ద వైర్’ వార్తా సైట్‌ను ఎలా ఆపారో చూశాం. పుస్తకానికి ఒక చట్టం, వీడియోకు మరొకటి. రెండు తాళాలూ ప్రభుత్వం చేతిలోనే ఉన్నాయి.

ఇంకో సంగతి. ఈ ఉత్తర్వుకు వాడిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 98వ సెక్షన్ కశ్మీర్‌కు మాత్రమే పరిమితం కాదు. విజయవాడలోనూ హైదరాబాద్‌లోనూ అదే సెక్షన్. పేజీ చూపకుండా పాతిక పుస్తకాలను జప్తు చేయడం అక్కడ చెల్లితే ఇక్కడి హోం శాఖ రేపు యాభై పేర్లు రాసుకోదన్న పూచీ ఏమిటి? తెలుగువాళ్లకు ఇది కొత్త కాదు. ‘మాలపల్లి’ని తెల్లదొరల ప్రభుత్వం నిషేధించింది. 2005లో విప్లవ రచయితల సంఘం (విరసం) మీద నిషేధం పెట్టింది కాంగ్రెస్ ప్రభుత్వమే. ఇప్పుడు భావప్రకటనా స్వేచ్ఛ గురించి పాఠాలు చెబుతున్న ఆ పార్టీకి ఆ సంగతి గుర్తుండకపోవచ్చు. కంచ ఐలయ్య పుస్తకాన్ని నిషేధించమంటూ 2017లో పిటిషన్ వేస్తే సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. ఆ పుస్తకంతో ఏకీభవించనివారు కూడా దాన్ని చదివి, విమర్శించి, జవాబు రాయగలిగారు. కశ్మీరీలకు ఆ పాటి అవకాశం ఎందుకు ఉండకూడదు?

తానెప్పుడూ పుస్తకాలను నిషేధించలేదని, నిషేధించబోనని ముఖ్యమంత్రి ఒమర్ అబ్దుల్లా చెప్పారు. హోం శాఖ ఆయన చేతిలో లేదు, లెఫ్టినెంట్ గవర్నర్ చేతిలో ఉంది. ఎన్నికల్లో గెలిచినవారికి తెలియకుండా, హైకోర్టు గడప తొక్కకుండా పాతిక పుస్తకాలు మాయం చేయగలిగారంటే అది ఆ ఒక్క ప్రాంతపు గొడవని ఊరుకోవడం ఎలా? ఏ పుస్తకంలో ఏ పేజీ నేరమో విడివిడిగా ప్రకటించాలి, లేదా ఉత్తర్వు ఉపసంహరించాలి. 2019లో 370 రద్దుకు మద్దతిచ్చిన తెలుగుదేశం, వైఎస్సార్‌సీపీ, నాటి టీఆర్‌ఎస్ ఎంపీలు ఈ మాట పార్లమెంటులో అడగాలి. కశ్మీర్ ఇక అన్ని రాష్ట్రాల్లాంటిదేనని ఆనాడు మనకు నచ్చజెప్పింది వాళ్లే.