బండికి వడదెబ్బ, బయట మైనస్ ఏడు

లోకంలో పెద్ద పెద్ద సమస్యలు చాలా ఉన్నాయి. వాటి గురించి రాసేవాళ్ళకూ కొదవ లేదు. కానీ అమెరికా ఉత్తరాన, మిన్నెసోటాలో, ఎముకలు కొరికే చలిలో నిలబడి ఇంజిన్ కుతకుత ఉడికిపోతున్న స్నోమొబైల్ గోడు మాత్రం తెలుగులో ఎవరికీ పట్టలేదు. ఆ లోటు తీర్చడానికే ఈ వ్యాసం. నా అర్హత ఏమిటంటారా? అద్దె కట్టి మరీ ఒక బండికి వడదెబ్బ కొట్టించినవాణ్ణి.

స్నోమొబైల్ అంటే మంచు మీద నడిచే బండి. ముందు జారడానికి రెండు స్కీలు, వెనక యుద్ధ ట్యాంకుకు ఉన్నట్టు రబ్బరు పట్టా. అక్కడివాళ్ళు స్లెడ్ అంటారు. కారులో అయితే ముందు రేడియేటర్ ఉంటుంది, గాలి తగిలి చల్లబడుతుంది. ఈ బండ్లలో చాలావాటికి ఆ ఏర్పాటు లేదు. కూలెంట్‌ని, అంటే ఇంజిన్ వేడిని మోసుకెళ్ళే ద్రవాన్ని, సీటు కింద, పట్టాకి పైకప్పులా ఉండే అల్యూమినియం సొరంగంలోకి పంపుతారు. పట్టా తిరుగుతుంటే మంచు ఎగిరి ఆ సొరంగాన్ని లోపలినుంచి కొడుతుంది. వేడి దిగుతుంది. అంటే ఇంజిన్‌ని చల్లబరిచే బాధ్యత కంపెనీ తన మీద పెట్టుకోలేదు, శీతాకాలానికి అప్పజెప్పింది. మన రైతు ఋతుపవనాలను కూడా ఇంతగా నమ్మడు. ఎందుకైనా మంచిదని ఒక బోరు వేయించుకుంటాడు.

మిన్నెసోటాలో స్నోమొబైల్ బాటలు 22 వేల మైళ్ళకు పైనే ఉన్నాయి. రూలు ప్రకారం డిసెంబరు 1న తెరుస్తారు, ఏప్రిల్ 1న మూసేస్తారు. ఆ సర్క్యులర్ మంచుకు అందినట్టు లేదు. 2023-24 శీతాకాలం ఆ రాష్ట్రం రికార్డుల్లోకెల్లా వెచ్చనిది. మినియాపొలిస్‌లో క్రిస్మస్‌కి వాన కురిసింది. స్లెడ్లు ట్రైలర్లెక్కి, టికెట్ రాని అభ్యర్థి ప్రచార రథాల్లా ఇళ్ళ ముందే ఉండిపోయాయి.

మేము వెళ్ళింది ఆ ఏడాది కాదు. దానికన్నా కాస్త నయమైన ఏడాది. కాస్త అంటే నిజంగా కాస్తే. బాట మీద పొడి మంచు అరిగిపోయి, ఐసు నున్నగా సిమెంటు గచ్చులా తేలి ఉంది. నేను వెనక్కి పోదామన్నాను. మా బావమరిది ఒప్పుకోలేదు. "బావా, మంచు పడకపోతే అది మన తప్పా? డబ్బు కట్టేశాం" అన్నాడు. ఈ రెండో వాక్యానికి తెలుగువాడి దగ్గర జవాబు ఉండదు.

అద్దెకిచ్చినాయన చెప్పినవి రెండే. వేడి లైటు వెలిగితే ఆగండి. స్క్రాచర్లు దించి నడపండి, రివర్స్ చేసేటప్పుడు మాత్రం ఎత్తుకోండి. స్క్రాచర్లంటే పట్టా పక్కన వేలాడే స్ప్రింగు కడ్డీలు. గట్టి ఐసును గీకి పొడి లేపుతాయి, ఆ పొడే ఇంజిన్‌కి గ్లాసుడు మజ్జిగ. అడుగంటిన అన్నం గిన్నె గీకడం అన్నమాట. ఇంత అధునాతన యంత్రానికి, దాని ధర చూస్తే గుండె ఆగుతుంది, చివరి దిక్కు రెండు కడ్డీలు. మా బావమరిది మొదటి మలుపులోనే బాట తప్పాడు, కడ్డీ ఎత్తకుండా రివర్స్ చేశాడు. అది హెయిర్‌పిన్‌లా వంగింది.

పది నిమిషాలకు ఎర్ర లైటు వెలిగింది. ముందు తియ్యటి వాసన వచ్చింది, కూలెంట్‌ది. తర్వాత ప్లాస్టిక్ కాలిన కంపు. పట్టా జారడానికి కింద రెండు ప్లాస్టిక్ పట్టీలుంటాయి, వాటికి నూనె కూడా మంచే. మంచు లేకపోతే రాపిడికి కరిగిపోతాయి. మావాడు హెల్మెట్ తీసి, బాట పక్కన మంచు ఎత్తి, సొరంగం మీద కుమ్మరించాడు. చుయ్యిమంది. పెనం మీద నీళ్ళు చల్లి దోసెకి కాగిందా లేదా చూసినట్టుంది. చిన్నప్పుడు శ్రీశైలం ఘాట్‌లో బానెట్ ఎత్తి, క్యానుతో నీళ్ళు పోసి, బీడీ ముట్టించుకున్న జీపు డ్రైవరు కళ్ళముందు మెదిలాడు. అక్కడ నలభై రెండు డిగ్రీల ఎండ. ఇక్కడ మైనస్ ఏడు. పొగ మాత్రం ఒకటే.

వాడి చెయ్యి కూలెంట్ మూత మీదికి పోయింది. "ఒరేయ్, కుక్కర్‌రా అది! ఆవిరి పోకుండా మూత తీస్తావా?" అని అరిచాను. ఆ ఒక్క అరుపుతో మా ఆవిడకి ఈ జన్మ ఋణం తీర్చుకున్నాను.

అంతలో ఒక పెద్దాయన స్లెడ్ మీద వచ్చి ఆగాడు. ఆయన బాట మధ్యలో రావడం లేదు. అంచున, ఇంకా మెత్తటి మంచు మిగిలిన చోట, దొంగ గేదె చేను మేసినట్టు వస్తున్నాడు. బండి వెనక రబ్బరు ఫ్లాప్ చూపించి, "దీన్ని కత్తిరించకండి, ఎగిరిన మంచు సొరంగంలో నిలవాలంటే ఇదుండాలి" అన్నాడు. స్టైలుగా ఉంటుందని పొట్టి ఫ్లాప్ పెట్టుకునేవాళ్ళు ఉన్నారట. మన ఊళ్ళో బుల్లెట్ సైలెన్సర్ పీకేసేవాళ్ళకి అక్కడ దూరపు చుట్టాలున్నారని నాకు అప్పుడే తెలిసింది.

ఈ బండి పుట్టుక దగ్గర మాత్రం వెటకారం పనికిరాదు. కెనడాలో క్యూబెక్ రాష్ట్రం వాల్కోర్‌లో జోసెఫ్-అర్మాండ్ బొంబార్డియే అనే మెకానిక్ ఉండేవాడు. 1934 చలికాలంలో దారులన్నీ మంచుతో మూసుకుపోయి, జబ్బుపడ్డ పసిబిడ్డను ఆసుపత్రికి చేర్చలేక పోగొట్టుకున్నాడు. మంచు మీద నడిచే బండి కోసం అప్పటికే తంటాలు పడుతున్నాడు. 1937లో పేటెంటు వచ్చింది. 1959లో ఆయన చేసిన స్కీ-డూ అనే స్నోమొబైల్ అమ్మకానికి వచ్చింది. దాని ఇంజిన్‌ని గాలే చల్లబరిచేది. ఆయన కష్టమంతా మంచు ఎక్కువైనందుకు. ఇప్పుడు ఆ బండి వారసుడు గుప్పెడు మంచు కోసం రోడ్డు పక్క గుంటలు వెతుక్కుంటున్నాడు.

కనుక ఏలినవారికి నా విన్నపం. ప్రతి అయిదు మైళ్ళకూ ఒక మంచు చలివేంద్రం పెట్టించాలి. కుండ, గరిటె, పక్కనే దాత పేరుతో బోర్డు. గరిటె గొలుసుతో కట్టెయ్యాలి, మనవాళ్ళు కూడా వస్తుంటారు కాబట్టి.

అది మంజూరయ్యేలోగా పక్క రాష్ట్రం విస్కాన్సిన్ చూపిన మార్గం ఒకటుంది. మిన్నెసోటా సరిహద్దు దాటగానే గ్రాంట్స్‌బర్గ్ అనే చిన్న ఊరు. అక్కడ ఏటా జూలైలో స్నోమొబైళ్ళను చెరువు నీళ్ళ మీద పరుగెత్తించి పోటీ పెడతారు. వేగం తగ్గితే బండి మునుగుతుంది, తర్వాత తాడు కట్టి లాగుతారు. మంచు లేదని ఎవరూ బాధపడరు.

వంగిన కడ్డీకి, కరిగిన పట్టీలకి బిల్లు కట్టి కారెక్కాం. గంటసేపు మా బావమరిది నోరు మెదపలేదు, ఫోన్ చూస్తూనే ఉన్నాడు. పశ్చాత్తాపపడుతున్నాడేమో అనుకున్నాను.

"బావా," అన్నాడు. "నీకు ఈత వచ్చా?"