మూలికకు చుట్టరికం చాలదు

ముప్పై ఏళ్లు ఆఫీసు కుర్చీలో గడిపిన ఆస్ట్రేలియా పెద్దమనిషికి ఒకరోజు తన ముత్తవ్వ ఆదివాసి అని తెలుస్తుంది. ఉద్యోగం మానేస్తాడు. ఏడాది తిరగకుండానే 'పవిత్ర మూలికల వైద్యుడు' అని బోర్డు పెడతాడు. ఊహించి రాస్తున్నాను కానీ ఈ తరహా మనుషులు ఊహ కాదు. 2016 జనగణనలో 6,49,171గా ఉన్న ఆదివాసులు, ఉత్తరాన టోరెస్ జలసంధి దీవుల మూలవాసుల సంఖ్య 2021లో 8,12,728కి చేరింది. పుట్టినవారితోనే ఇంత పెరగదు. ఇన్నాళ్లూ చెప్పుకోనివారు ఇప్పుడు చెప్పుకుంటున్నారు. మంచిదే. ముత్తవ్వతో నాకు పేచీ లేదు, నడివయసులో వృత్తి మారినా లేదు. పేచీ అంతా ఆ బోర్డుతోనే.

పిట్యూరి అనే పొదను చూడండి. ఆకు ఎండబెట్టి, తుమ్మజాతి చెట్టు బూడిద కలిపి నములుతారు. మనవాళ్లు పొగాకుకు సున్నం రాసినట్టే: క్షారం తగిలితే నికోటిన్ బాగా ఊరుతుంది. పశ్చిమ క్వీన్స్‌లాండ్‌లో మల్లిగన్ నది పక్కన పెరిగిన ఆకుకు ఒకప్పుడు వందల మైళ్ల దూరం గిరాకీ ఉండేది. అదే జాతి పొద మధ్య ఆస్ట్రేలియాలోనూ ఉంది. అక్కడివారు దాన్ని ఎక్కువగా నీటిగుంటల్లో కలిపి, తాగి తూలే ఈము పక్షులను పట్టుకునేవారు! అక్కడి ఆకులో నికోటిన్ కన్నా విషపూరితమైన నార్‌నికోటిన్ శాతం ఎక్కువని రసాయన పరీక్షలు తర్వాత తేల్చాయి. ఒకే మొక్క ఒక నేల మీద తాంబూలం, మరో నేల మీద విషం. ఈ తేడాను ఏ డీఎన్ఏ పరీక్ష చెబుతుంది? ఎంత గాఢమైన నమ్మకం పసిగడుతుంది?

మధ్య ఎడారిలోని అనంగు ప్రజలు తమ వైద్యులను ఙంగ్కారి అంటారు. తాతో నాయనమ్మో పసితనంలోనే పక్కన కూర్చోబెట్టుకుని నేర్పే విద్య అది. వారు ముఖ్యంగా చేతి స్పర్శతో, ఊపిరితో వైద్యం చేస్తారు. జలుబుకు ఛాతీ మీద రుద్దే ఇర్మంగ్కా-ఇర్మంగ్కా ఆకు లేపనం వంటి మూలికల పని వేరు. బోర్డు పెట్టినవారు ఈ రెండింటినీ ఒకే సీసాలో పోసి అమ్ముతారు.

1910 నుంచి 1970 దాకా ప్రభుత్వాలే ఆదివాసి పిల్లలను తల్లుల ఒడి నుంచి లాక్కుపోయాయి కదా, నేర్పే అవ్వ లేకుండా చేసి ఇప్పుడు గురువెవరని అడగడం అన్యాయం కాదా అంటారు. ఆ గాయం నిజం. 2008లో ఆ దేశ పార్లమెంటు క్షమాపణ చెప్పింది కూడా. కానీ తెగిన దారం కట్టుకోవాలంటే ఆ జనం దగ్గరికే వెళ్లాలి. ఆదివాసి గుర్తింపుకే అక్కడ వంశం, స్వయంప్రకటనలతో పాటు సమాజం ఒప్పుకోలు కావాలి. వైద్యానికి అక్కర్లేదా?

అడగకుండా తీసుకోవడం విడివిడి మనుషుల జబ్బే కాదు. పశ్చిమ ఆస్ట్రేలియా ఆదివాసులు మందుగా వాడిన స్మోక్‌బుష్ అనే పొదను 1960లలో అమెరికా క్యాన్సర్ సంస్థ కోసం సేకరించారు. తర్వాత దానిలో హెచ్ఐవీపై పనిచేసే పదార్థం కనబడింది. లైసెన్సుల బేరాలు ప్రభుత్వానికీ ఒక మందుల కంపెనీకీ మధ్యే జరిగాయి. ఆదివాసులను పిలిచినవారు లేరు. గాయానికి పసుపు రాయడం మీద 1995లో ఒక అమెరికా విశ్వవిద్యాలయం పేటెంటు పుచ్చుకుంటే మనకెంత ఒళ్లు మండిందో గుర్తుందిగా! 1997లో అది రద్దయిందంటే మన దగ్గర పాత గ్రంథాలు ఉన్నాయి కనుక. పాటలోనూ నడకలోనూ విద్యను దాచుకున్నవారు ఏ గ్రంథం చూపాలి?

2024 మే నెలలో జెనీవాలో కుదిరిన ఒప్పందం, ఇలాంటి సంప్రదాయ జ్ఞానం మీద పేటెంటు కోరేవారు అది ఏ ఆదివాసులదో చెప్పాలంటోంది. 15 దేశాలు ఆమోదిస్తేనే అది అమలవుతుంది. ఈలోగా బోర్డు పెట్టిన పెద్దమనిషిని నేనే అడుగుతాను: అయ్యా, ఈ ఆకు ఏ నది పక్కది? కోసుకోమన్నది ఎవరు?