ఎన్ని అంతస్తుల వైద్యం?

గుంటూరులో ఎవరికైనా ఒంట్లో బాగాలేదంటే చుట్టాలు ముందుగా అడిగేది జబ్బు పేరు కాదు, ఆసుపత్రి పేరు. ఆ వెంటనే "పెద్దదేనా?" అంటారు. వైద్యం నాణ్యతను ఒక్క మాటతో తేల్చేసే ఈ పద్ధతికి ఇంతవరకు ప్రభుత్వ గుర్తింపు లేకపోవడం శోచనీయం. డాక్టర్ల పేర్ల పక్కన ఎంబీబీఎస్, ఎండీ వంటి అంతుచిక్కని అక్షరాలు తీసేసి జీ ప్లస్ ఫైవ్, జీ ప్లస్ ఎయిట్ అని రాయించాలని నా మనవి.

కొత్తపేటలో పాతకాలపు నర్సింగ్ హోములు ఇంకా కొన్ని ఉన్నాయి. కింద మందుల షాపు, పక్కన ఇరుకు మెట్లు, పైన డాక్టరు గారు. ఆయన నాలుక చూసి, వీపు మీద స్టెతస్కోపు ఆనించి, "వైరల్ జ్వరమండీ, మూడు రోజుల్లో తగ్గుతుంది, నీళ్లు బాగా తాగండి" అంటారు. తెనాలి నుంచి కారు మాట్లాడుకుని వచ్చినవాడికి నీళ్లా? ఇంటికెళ్లి ఆ మాట ఎవరితో చెప్పుకోవాలి?

అదే విజయవాడలో అద్దాల మేడకు వెళ్తే మర్యాద వేరు. గేటు దగ్గర సెల్యూట్ కొడతారు. మూడు కౌంటర్లలో మూడుసార్లు బీపీ చూస్తారు, మూడుసార్లూ వేరే అంకె వస్తుంది. ప్లాస్టిక్ ఫైలులోకి రక్తపరీక్ష, ఎక్స్‌రే, స్కానింగ్ రిపోర్టులు ఒక్కొక్కటే చేరుతాయి. సాయంత్రానికి రోగి కంటే ఫైలు పుష్టిగా ఉంటుంది. చివరికి పెద్ద డాక్టరు గారు వచ్చి, వైరల్ జ్వరమని, నీళ్లు బాగా తాగమని చెబుతారు. ఇప్పుడు నమ్మకం కుదురుతుంది.

గిట్టనివాళ్లు మాత్రం 1979 నాటి అమెరికా పరిశోధన ఒకటి ఎత్తుకొస్తారు. హెరాల్డ్ లుఫ్ట్ బృందం దాదాపు 1,500 ఆసుపత్రుల్లో 12 రకాల ఆపరేషన్లను పరిశీలించింది. గుండె ఆపరేషన్ల వంటివి ఏడాదికి 200, అంతకు మించి చేసిన చోట మరణాలు 25 నుంచి 41 శాతం దాకా తక్కువట. చూశారా, పెద్దదే మంచిదని చంకలు గుద్దుకోబోయాను. తీరా చదివితే ఆ లెక్క చేసిన ఆపరేషన్లది, పరిచిన గ్రానైటుది కాదు! పైగా పిత్తాశయం తీసే ఆపరేషన్‌లో ఆ తేడా కూడా కనబడలేదట. 2009లో ఇంకొకరు ఢిల్లీతో సహా ఎనిమిది నగరాల్లో ఆపరేషన్‌కు ముందూ వెనుకా సరిచూసుకోవాల్సిన 19 అంశాలను ఒక కాగితం మీద రాసిచ్చారు. మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయి. కాగితం ముక్కతో! దానికి లిఫ్టు కూడా అక్కర్లేదు.

ఇంకో చిక్కుంది. పరిమాణమే ప్రమాణమైతే వెయ్యికి పైగా పడకలున్న మన ప్రభుత్వ జనరల్ ఆసుపత్రే గుంటూరులో అగ్రస్థానంలో ఉండాలి. 2016లో అక్కడ గుండె మార్పిడి కూడా చేశారు. అయినా ఆ పేరెత్తితే అవే చుట్టాలు "అయ్యో, అక్కడికా?" అంటారు. కాబట్టి నా ప్రతిపాదనకు చిన్న సవరణ: అద్దాలు లేని అంతస్తులు లెక్కలోకి రావు.

ఈ మధ్య ఒక సీనియర్ నర్సు ప్రమాదకరమైన సలహా ఇచ్చారు. ఏ ఆపరేషన్ ఏడాదికి ఎన్ని చేస్తున్నారో, రాత్రిపూట ఒక్కో నర్సుకు ఎంతమంది రోగులో ప్రతి ఆసుపత్రీ గేటు దగ్గర రాసిపెట్టాలట. నేను తీవ్రంగా ఖండించాను. 'మల్టీ సూపర్ స్పెషాలిటీ' అని రాయడానికే బోర్డు చాలడం లేదు. ఆ అంకెలు కూడా పట్టాలంటే ఇంకో అంతస్తు లేపాలి.