ప్రమోషన్ రాని ఒకటో నంబరు

ప్రభుత్వ కొలువులో చేరినవాడికి కుర్చీ ఎప్పుడిస్తారో చెప్పలేం గానీ, సర్వీసు రిజిస్టరు మాత్రం వెంటనే తెరుస్తారు. పుట్టిన తేదీ, పుట్టుమచ్చలు, చేరిన రోజు, ఇంక్రిమెంట్లు, మెమోలు అన్నీ అందులోకి ఎక్కుతాయి. ఈ గౌరవం రోడ్లకు ఎందుకు దక్కలేదు? రోడ్డు కూడా సర్కారు సేవలోనే ఉంది కదా. సెలవు అడగదు. డి.ఏ. బకాయిల ఊసెత్తదు. ధర్నా చేయదు, దాని మీద మనమే చేస్తాం. అందుచేత తెలంగాణ రాష్ట్ర రహదారి నంబర్ 1, కాగితాల్లో రాజీవ్ రహదారి, కండక్టరు నోట్లో కరీంనగర్ రోడ్డు, దాని సర్వీసు రిజిస్టరును రోడ్లు భవనాల శాఖ తరఫున, ఆ శాఖ అడక్కపోయినా, ప్రజాప్రయోజనం దృష్ట్యా ఇక్కడ దాఖలు చేస్తున్నాం.

మొదటి గడి కులం. రోడ్లకు కులమేమిటని ముక్కున వేలేసుకోనక్కర్లేదు. 1943లో దేశంలోని చీఫ్ ఇంజనీర్లు నాగపూర్‌లో సమావేశమై రోడ్లను ఐదు తరగతులుగా విడదీశారు. జాతీయ రహదారి, రాష్ట్ర రహదారి (అప్పట్లో ప్రావిన్సు రహదారి), పెద్ద జిల్లా రోడ్డు, చిన్న జిల్లా రోడ్డు, పల్లె రోడ్డు. మనుషుల్లో ఐదోవాణ్ణి ఊరి బయట ఉంచిన సంప్రదాయం మనది. ఇంజనీర్లు ఐదోదాన్ని ఊళ్ళోనే ఉంచారు, అంతమేరకు వాళ్ళు అభ్యుదయవాదులే. కాకపోతే నెత్తిన గుర్తు పెట్టడం మాత్రం మానలేదు. కిలోమీటరు రాయి తలమీద పసుపు ఉంటే జాతీయం, ఆకుపచ్చ ఉంటే రాష్ట్రం. రాజ్యాంగం ఏడో షెడ్యూలు కూడా వీటిని కలిసి కూర్చోనివ్వలేదు. జాతీయ రహదారులు కేంద్ర జాబితాలో 23వ అంశం, మిగతా రోడ్లు రాష్ట్ర జాబితాలో 13వ అంశం.

పుట్టిన తేదీ గడిని ఖాళీగా వదలక తప్పదు. ఏ రోడ్డూ ఒకనాడు పుట్టదు. ముందు బండి జాడ, తర్వాత మొరం, ఆ తర్వాత కంకర, ఎన్నికలొస్తే తారు. తెలిసినంతలో చెప్పాలంటే, ఎలగందులలో ఉన్న జిల్లా కేంద్రం 1905లో కరీంనగర్‌కు మారింది. కచేరీ ఎటు పోతే రోడ్లూ అటే పోతాయి. 1932లో నిజాం సర్కారు రైల్వే వాళ్ళ పెత్తనం కిందే 27 బస్సులు, 166 మంది సిబ్బందితో రోడ్డు రవాణా మొదలుపెట్టింది. రైలు శాఖ బస్సులు నడిపిన రాజ్యంలో సిద్దిపేటకు రైలు రావడానికి 2023 అక్టోబరు దాకా ఆగాల్సి వచ్చింది. అప్పటిదాకా సిద్దిపేట మనిషికి పట్నం అంటే ఈ రోడ్డే, పట్నం నుంచి వచ్చిన చుట్టం అంటే ఈ రోడ్డు మీద బస్సు దిగినవాడే.

బదిలీల గడి దగ్గర ఒక వింత కనిపిస్తుంది. ఈ ఉద్యోగి ఒక్క అంగుళం కదలకుండానే అన్ని బదిలీలూ అయ్యాయి. 1956 నవంబరు 1న హైదరాబాద్ రాష్ట్రం నుంచి ఆంధ్రప్రదేశ్‌కు. 2014 జూన్ 2న ఆంధ్రప్రదేశ్ నుంచి తెలంగాణకు. మనుషులను పంచడానికి కమలనాథన్ కమిటీ వేసి, ఆప్షన్లు తీసుకుని, స్థానికత తేల్చలేక కోర్టుల చుట్టూ తిరిగారు. ఈ రోడ్డు మాత్రం ఏ సర్టిఫికెట్టూ చూపకుండా పక్కా స్థానికుడిగా నిలిచింది. ఇక 2016 అక్టోబరు 11న పది జిల్లాలు ముప్ఫై ఒకటి అయినప్పుడు, హైదరాబాద్‌ను పక్కన పెడితే మూడు జిల్లాల్లో ఉన్న రోడ్డు తెల్లారేసరికి నాలుగు జిల్లాల్లో తేలింది. మేడ్చల్, సిద్దిపేట, కరీంనగర్, పెద్దపల్లి. టి.ఏ. బిల్లు పెట్టుకునే వీలుంటే ఎంతొచ్చేదో!

పేరు మార్చుకోవాలంటే ఉద్యోగి గెజిట్‌లో వేయించాలి, పేపర్లో ప్రకటన ఇవ్వాలి. రోడ్డుకైతే సర్కారు తలచుకుంటే చాలు. కాంగ్రెసు హయాంలో రాజీవ్ పేరు పెట్టారు. తర్వాత 2014 నుంచి దాదాపు పదేళ్ళు వేరే పార్టీ పాలించినా ఆ పేరు బోర్డుల మీద అలాగే ఉంది. మన దగ్గర ఇంతకంటే పెద్ద జాతీయ సమైక్యత ఉదాహరణ దొరకదు.

జాతీయ అనగానే అసలు సంగతికి వచ్చాం. ఈ ఉద్యోగి నంబరు 1, సీనియారిటీ జాబితాలో మొట్టమొదటి పేరు. జూబ్లీ బస్టాండు నుంచి కార్ఖానా, తిరుమలగిరి, ఆల్వాల్, హకీంపేట, శామీర్‌పేట, వంటిమామిడి, ప్రజ్ఞాపూర్, సిద్దిపేట, కరీంనగర్, సుల్తానాబాద్, పెద్దపల్లి మీదుగా రామగుండం దాకా 200 కిలోమీటర్లకు పైబడి పని చేస్తుంది. ఆ చివర 2,600 మెగావాట్ల ఎన్టీపీసీ, సింగరేణి గనులు, 1999లో మూతపడి మళ్ళీ తెరుచుకున్న ఎరువుల కర్మాగారం. దారిలో బసంత్‌నగర్ సిమెంటు, కరీంనగర్ గ్రానైటు, వంటిమామిడి కూరగాయలు. బల్బు వెలిగించడానికి బొగ్గు తవ్వే ఊరికీ, బల్బు వెలిగే ఊరికీ మధ్య ఉన్న రోడ్డు ఇది. ఇంతకంటే జాతీయమైన పని ఏముంటుందో ఢిల్లీ వాళ్ళే చెప్పాలి.

అయినా ప్రమోషన్ రాలేదు. పైగా జూనియర్లంతా దాని నెత్తిమీదుగా నడిచి వెళుతున్నారు, ఇది అలంకారం కాదు. దుద్దెడ దగ్గర జనగామ వైపు నుంచి 365 బి వచ్చి కలుస్తుంది, అది జాతీయం. సిద్దిపేటలో మెదక్ నుంచి ఎల్కతుర్తి పోయే 765 డిజి అడ్డొస్తుంది, అదీ జాతీయమే. కరీంనగర్‌లో జగిత్యాల నుంచి వరంగల్ పోయే 563, గోదావరి దాటితే మంచిర్యాలలో 63. ఇవి రోడ్ల నంబర్లా, పంచాయితీలో ఉన్న భూముల సర్వే నంబర్లా అని తహసీల్దారుకే అనుమానం రావాలి. సంగారెడ్డి నుంచి చౌటుప్పల్ దాకా గజ్వేల్ మీదుగా గీసిన రీజినల్ రింగ్ రోడ్డు ఉత్తర భాగం సంగతి మరీ ఘోరం. రోడ్డు పడకముందే దానికి 161 ఏఏ అని జాతీయ హోదా కట్టబెట్టారు. కడుపులో ఉండగానే గెజిటెడ్ ర్యాంకు.

పలుకుబడి లేక ఆగిందా అంటే అదీ కాదు. పెద్దపల్లి దగ్గర పక్కకు తిరిగితే మంథని. అక్కడి నుంచి శాసనసభకు వెళ్ళిన పి.వి. నరసింహారావు రాష్ట్రానికి ముఖ్యమంత్రి అయ్యారు, 1991లో దేశానికి ప్రధాని అయ్యారు. మనిషి రాష్ట్రం నుంచి జాతీయానికి పోయాడు, రోడ్డు పోలేదు. తర్వాత గజ్వేల్ శాసనసభ్యుడు ముఖ్యమంత్రి అయ్యారు, సిద్దిపేట శాసనసభ్యుడు మంత్రి అయ్యారు. ఈ రోడ్డు పక్క నియోజకవర్గాల్లో నిలబడితే పదవి వస్తుందని రుజువైంది. రోడ్డు కూడా అక్కడే కదా పడి ఉంది, దానికెందుకు రాదో జ్యోతిష్కులు పరిశీలించాలి.

నా అనుమానం క్రమశిక్షణ గడి మీద. ఉద్యోగి రాజకీయాల్లో తలదూర్చరాదని ప్రవర్తనా నియమావళి ఘోషిస్తుంది. ఈ రోడ్డు ఆ నియమాన్ని పట్టపగలు ఉల్లంఘించింది. 2009 నవంబరు 29న ఆమరణ దీక్షకు కరీంనగర్ నుంచి సిద్దిపేటకు బయల్దేరిన కె. చంద్రశేఖర్ రావును పోలీసులు అరెస్టు చేసింది దీని మీదే, అల్గునూరు దగ్గర. రాష్ట్ర చరిత్ర మలుపు తిరిగిన చోటు ఏదంటే ఈ రోడ్డు మీద మానేరు వంతెన అవతల చూపించవచ్చు. ఆ తర్వాత రాస్తారోకోలు, నడిరోడ్డు మీద పొయ్యి పెట్టి వంటావార్పు, 2011లో 42 రోజుల సకల జనుల సమ్మె. అప్పుడు సమ్మె చేసిన ఉద్యోగులను సర్కారు మన్నించింది. పొయ్యి వేడికి తారు కరిగిన ఉద్యోగిని ఎవరూ పరామర్శించలేదు.

అదనపు బాధ్యతల గడి మాత్రం కిక్కిరిసి ఉంది. యాసంగి కోతలు మొదలవగానే రోడ్డుకు కల్లంగా ఇన్‌ఛార్జి బాధ్యతలు ఇస్తారు. నాలుగు వరసల్లో ఒకటి వడ్లకు. అంచున వరసగా రాళ్ళు, రాళ్ళ లోపల పచ్చి వడ్లు, వడ్ల మధ్య పారతో ఒక ముసలమ్మ, ఆమెకు మూరెడు దూరంలో గంటకు తొంభై వేగంతో కారు. దీన్ని అజ్ఞానం అనేవాళ్ళు కొనుగోలు కేంద్రానికి ఒకసారి పోయి రావాలి. తేమ 17 శాతం దాటితే వడ్లు కొనరు. కోత మిషను తెచ్చి పోసే వడ్లలో అంతకంటే చాలా ఎక్కువ తేమ ఉంటుంది. కాలువలు తవ్వినవాళ్ళు నీళ్ళు ఎన్ని టీఎంసీలో లెక్క కట్టారు, వడ్లు ఎన్ని టన్నులో లెక్క కట్టారు, ఆ వడ్లు ఎక్కడ ఆరాలో కట్టలేదు. మిడ్‌మానేరు నిండింది, రంగనాయక సాగర్ నిండింది, 2020లో కొండపోచమ్మ సాగర్‌కు కూడా నీళ్ళొచ్చాయి. కల్లాలు నిండటానికి అసలు కల్లాలేవి? నున్నగా, నల్లగా, ఎండకు కాలే నేల రైతుకు దొరికేది ఒక్క రోడ్డు మీదే. కాబట్టి దేశ ఆహార భద్రతలో ఆఖరి నాలుగైదు శాతం తేమను తగ్గించే కీలక విభాగంగా ఈ రహదారిని గుర్తించాలి. రాత్రిళ్ళు ఆ రాళ్ళను గుద్దుకుని పడే బైకుల లెక్క వేరే శాఖ చూసుకుంటుంది. పౌరసరఫరాల వాళ్ళకు దానితో సంబంధం లేదు.

జాతీయ రహదారి చేసేసి కంచెలు కట్టి, ఎక్కేచోటూ దిగేచోటూ లెక్కపెట్టి బిగిస్తే ఈ సౌకర్యాలన్నీ ఏమవుతాయి? ఇప్పుడైతే ఊరికో చౌరస్తా ఉంది. కొమురవెల్లి మల్లన్న దగ్గరికి పోవాలంటే కమాన్ దగ్గర చటుక్కున తిరగవచ్చు. యూటర్న్ కిలోమీటరు అవతల ఉంటే డీజిలు దండగని రాంగ్ రూట్‌లో ఎదురు రావచ్చు. ప్రమోషన్ వస్తే చుట్టాలను మరిచిపోయే ఉద్యోగులను మనం చూడలేదా!

వంకరల గురించి కూడా చాలామంది నిష్ఠూరాలాడుతుంటారు. నాలుగు వరసలు చేసినప్పుడైనా తిన్నగా చేయాల్సిందని వాళ్ళ వాదన. ఇంజనీర్లు దీనికి రేడియస్ అని, సూపర్ ఎలివేషన్ అని లెక్కలు చెబుతారు. రెవెన్యూ లెక్క తేలిక. తిన్నగా పోతే రోడ్డు ఎవరి భూమిలోంచైనా పోతుంది. పోకూడనివాళ్ళ భూమిలోంచి పోకుండా ఉండాలంటే వంకర తిరగాల్సిందే. ఈ సూత్రం ఈ రోడ్డుకే కాదు, దేశంలోని ప్రతి రోడ్డుకూ వర్తిస్తుంది. ఇంజనీరింగ్ కాలేజీల్లో ఇంకా సిలబస్‌లో చేర్చలేదంతే.

జీతం గడి చిన్నది. నాలుగు వరసల పని ప్రైవేటు భాగస్వామ్యంలో జరిగింది కాబట్టి దుద్దెడలో, రేణికుంటలో (తిరుపతి దగ్గరిది రేణిగుంట, అది వేరు), బసంత్‌నగర్‌లో టోల్ కట్టాలి. ఫాస్టాగ్ కీచుమంటుంది, డబ్బు పోతుంది. ఉద్యోగి ఒళ్ళరగదీసుకుని పని చేస్తాడు, జీతం ఇంకొకరి ఖాతాలో పడుతుంది. ఈ పద్ధతికి ఔట్‌సోర్సింగ్ అని పేరున్నట్టు గుర్తు.

చివరి గడి పదోన్నతి. ఆశ వదులుకోవాల్సిన పని లేదని ఇటీవలే తెలిసింది. నగరం దాటకముందు కంటోన్మెంటులో ఈ రోడ్డు సన్నబడి, లారీలూ బస్సులూ ఒకదాని నీడలో ఒకటి సేదదీరే చోటుంది. పక్కన ఉన్నది రక్షణ శాఖ భూమి. పాకిస్తాన్ నుంచి కాపాడినంత శ్రద్ధగా ఆ భూమిని ఇన్నాళ్ళూ రాష్ట్ర ప్రభుత్వం నుంచి కాపాడుతూ వచ్చారు. 2024 మార్చిలో భూమి ఇవ్వడానికి కేంద్రం ఒప్పుకుంది, ఆ నెలలోనే ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి ఎలివేటెడ్ కారిడార్‌కు శంకుస్థాపన చేశారు. సికింద్రాబాద్‌లో మొదలై శామీర్‌పేట అవుటర్ రింగ్ రోడ్డు వైపు సాగే దారిలో ఎక్కువ భాగం స్తంభాల మీద పోవాలి. హోదా పెంచడం కుదరకపోతే కనీసం ఎత్తు పెంచుదామన్న సర్కారు ఆలోచన మెచ్చదగ్గదే.

చిక్కల్లా హకీంపేటలో. అక్కడ వైమానిక దళం రన్‌వే ఉంది, విమానాలకు ఎదురుగా స్తంభాలు లేవకూడదు. కాబట్టి ఆ కాస్త మేర రోడ్డు నేల కిందికి దిగి, సొరంగంలో పోయి, మళ్ళీ పైకి లేవాలట. అంటే ఒకే ఉత్తర్వులో ప్రమోషన్, రివర్షన్, మళ్ళీ ప్రమోషన్. సర్వీసు రూల్స్‌లో ఇలాంటి కేసుకు వేతన స్థిరీకరణ ఎలా చేయాలో ఆర్థిక శాఖ వివరణ ఇచ్చేదాకా ఈ రిజిస్టరును మూయలేం. ఫైలు సర్క్యులేషన్‌లో ఉంది.