ప్రాసెస్‌లో ఉంది సార్!

విశాఖ చుట్టుపక్కల సైట్లమ్మేవాళ్ల భాషకి ఆంధ్రా యూనివర్సిటీలో ఇంకా ఒక శాఖ పెట్టకపోవడం అన్యాయం. ఆ భాషలో దూరానికి కిలోమీటర్లుండవు, నిమిషాలే. భోగాపురం ఎయిర్‌పోర్టుకి ‘జస్ట్ టెన్ మినిట్స్’. విమానంలో వెళ్తే నిజమే కావచ్చు.

ఆదివారం సైట్ విజిట్ చూసి తీరాలి. మద్దిలపాలెంలో కారెక్కించి, తగరపువలసలో ఇడ్లీ పెట్టించి, ఒక జీడితోటలో దింపుతారు. సున్నం కొట్టిన రాళ్లు, రంగు జెండాలు, ఒక ఆర్చి. ఆర్చి ఒక్కటే సిమెంటు, తక్కినదంతా బ్రోషరు. ‘ఇది నలభై అడుగుల రోడ్డు సార్’ అని మేక నిలబడ్డ చోటు చూపిస్తాడు. మేక కదలదు. ‘అటు క్లబ్ హౌస్’. మేక అటే నడుస్తుంది. సీ వ్యూ ఎటు బాబూ అంటే, జి ప్లస్ టూ, అంటే కింద కాక పైన రెండంతస్తులు వేస్తే కనిపిస్తుందట!

‘కార్నర్ బిట్టు, మీకోసమే ఆపాం’ అంటే జాగ్రత్త. రోడ్లు, కాలువలు పూర్తి చేస్తామన్న హామీగా లేఅవుట్‌లో కొన్ని ప్లాట్లు, అనుమతులిచ్చే విశాఖ ప్రాంత అభివృద్ధి సంస్థ వీఎంఆర్‌డీఏకి తనఖా పెట్టాలి. ఆపిన బిట్టు అదే కావచ్చు. తనఖా ప్లాట్ల నంబర్లు అప్రూవ్డ్ ప్లానులోనే ఉంటాయి. కానీ వీళ్లు చూపించేది రంగుల బ్రోషరు.

‘ఈసీ క్లియర్’ ఇంకో మంత్రం. ఈసీ అంటే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, అందులో ఆ భూమి మీద రిజిస్టరైన లావాదేవీలే కనిపిస్తాయి. నోటరీ అగ్రిమెంట్లు కనపడవు, అన్నదమ్ముల పంపకాల తగాదా అసలే కనపడదు. లింకు డాక్యుమెంట్లు (పాత దస్తావేజులు), అడంగల్ (సాగు రికార్డు), 1బీ (హక్కుల రికార్డు) పక్కపక్కన పెట్టి పేర్లు, సర్వే నంబర్లు, విస్తీర్ణం కలుస్తున్నాయో లేదో చూడాలి.

ఇక ‘ప్రీ లాంచ్ ఆఫర్’, అంటే రెరా రిజిస్ట్రేషన్ రాకముందే తక్కువ రేటుకి అమ్మకం. 2016 రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం 3వ సెక్షన్ ప్రకారం 500 చదరపు మీటర్లు దాటిన ప్రాజెక్టుకి రిజిస్ట్రేషన్ లేకుండా ప్రకటనే ఇవ్వకూడదు. అంటే తప్పు చేస్తూ, దానికి డిస్కౌంటు కూడా ఇస్తున్నారన్నమాట! 13వ సెక్షన్ ప్రకారం అగ్రిమెంటు రిజిస్టరు చేయకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదు. వీళ్లు ‘టోకెన్’ అంటూ సగం లాగేస్తారు.

అన్నిటికన్నా నీచమైనది ‘22ఏ చిన్న ఇష్యూ, తీయించేస్తాం’ అనే మాట. ఏం చిన్న? 22ఏ అంటే నిషేధిత భూముల జాబితా, అందులో ఉన్న భూమికి రిజిస్ట్రేషనే జరగదు. అందులో భూమిలేని పేదవాడికి సర్కారు సాగుకిచ్చిన డి-పట్టా భూములుంటాయి. వాడి దగ్గర తెల్లకాగితం మీద వేలిముద్ర వేయించుకుని, రిటైరైన స్టీల్ ప్లాంటు ఉద్యోగి పీఎఫ్ డబ్బుకి అంటగడతారు. ఇద్దర్నీ ముంచిన దొంగతనానికి ‘ఇష్యూ’ అని పేరు పెట్టి, ఇడ్లీ డబ్బులు కూడా గజం రేటులో కలిపేస్తారు సిగ్గులేకుండా!